చీనీ తోటలో జపాన్ బీరు: హిటాచినో నెస్ట్ దైదై ఏల్

మాది చీనీ తోట ఉన్న ఇల్లు. అనంతపురం నుంచి నార్పల పోయే దారిలో నాలుగెకరాలు, నాన్న పెట్టిన చెట్లు. మిగతా చోట్ల బత్తాయి అంటారు, మాకు మాత్రం అది చీనీకాయే. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, కమలా జాతి కాయ వేసి చేసిన బీరు గురించి రాస్తున్నప్పుడు, రాసేవాడి ముక్కు ఏ వాసనకు అలవాటు పడిందో చదివేవాళ్లకు తెలియాలి. కోతలప్పుడు ఇంటికొచ్చి ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా వేళ్ల సందుల్లో ఆ వాసన రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఉండేది. అందుకే ఏ సీసా మీద నారింజ బొమ్మ కనపడినా మూత తీయగానే ముందు వాసన చూస్తాను, చాలాసార్లు పిప్పరమెంటు బిళ్ల వాసనే వస్తుంది. మొన్న సంక్రాంతికి తాగిన ఈ బీరులో మొదటిసారి నాకు అసలు కాయ వాసన తగిలింది. అది కూడా ఎక్కడో జపాన్‌లో, పెద్ద ఉసిరికాయ కన్నా కొంచెం పెద్దగా ఉండే ఒక కాయతో చేసిన బీరులో.

మా బావమరిది జపాన్‌లోని త్సుకుబాలో ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి సెలవు పెట్టి వచ్చినప్పుడు ఆరు సీసాలు తెచ్చాడు. ఒక్కోటి 330 మిల్లీలీటర్లు, ఆరు కలిపితే 1980. విదేశం నుంచి వచ్చే మనిషికి సుంకం లేకుండా రెండు లీటర్ల వరకే మందు తెచ్చుకోనిస్తారు కదా, ఆ లెక్క చూసుకొని, స్వెటర్లలో చుట్టి, పెట్టె మధ్యలో పెట్టి తెచ్చాడు. మూడు రకాలు, రకానికి రెండేసి: దైదై ఏల్, వైట్ ఏల్, సైసన్ దు జపాన్ (ఏల్, సైసన్ అనేవి బీరులో రకాలు). మూడూ హిటాచినో నెస్ట్ అనే పేరు మీద వచ్చేవే, మూడింటిలోనూ ఏదో ఒక పుల్లటి కాయ ఉంది. నేను ఎక్కువ చెప్పబోయేది దైదై గురించే.

సీసా మీద గుండ్రటి కళ్ల గుడ్లగూబ బొమ్మ ఉంటుంది. మా అమ్మ అది చూడగానే "పండగ పూట ఇంట్లోకి గూబ బొమ్మ ఏంది నాయనా" అనింది. బావమరిది ఓపిగ్గా, "జపాన్‌లో గూబ మంచి శకునం అత్తా, దాన్ని వాళ్లు ఫుకురో అంటారు, అదే మాటను వేరే అక్షరాలతో రాస్తే కష్టాలు లేకపోవడం అని అర్థం వస్తుంది" అని చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు. సీసాలు ఫ్రిజ్‌లో కింది అరలో, కూరగాయల వెనక పెట్టించింది. ఒక విధంగా అదే మంచిదైంది, పై అరలో పెట్టి ఉంటే మరీ చల్లబడిపోయేవి, ఆ సంగతి తర్వాత చెప్తాను.

దీన్ని తయారు చేసేది కియుచి అనే బ్రూవరీ, ఇబారాకి ప్రాంతంలోని నకాలో ఉంది. ఆ ప్రాంతం పాతపేరు హిటాచి, బీరు పేరులో ఉన్నది అదే. 1823లో సాకే, అంటే బియ్యం పులియబెట్టి చేసే మద్యం, తయారీతో మొదలుపెట్టారు. మన సీమలో పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకునే మన్రో దొర మద్రాసు గవర్నరుగా ఉన్న కాలం అది. అంతటి పాత ఇల్లు బీరు జోలికి వచ్చింది మాత్రం 1996లో. కారణం ఏమిటంటే, అంతకుముందు జపాన్‌లో బీరు లైసెన్సు కావాలంటే ఏడాదికి కనీసం 20 లక్షల లీటర్లు చేయాలి, అంటే పెద్ద కంపెనీలకు తప్ప ఇంకెవరికీ వీలయ్యేది కాదు. 1994లో ఆ హద్దును 60 వేల లీటర్లకు దించారు. దాంతో ఊరూరా చిన్న చిన్న బ్రూవరీలు పుట్టాయి, సాకే చేసేవాళ్లు కూడా చాలామంది బీరు మొదలుపెట్టారు.

ఇంకో ముచ్చట కూడా ఉంది, నాకు బాగా నచ్చింది. 2018 ఏప్రిల్ వరకు జపాన్ చట్టం ప్రకారం పండ్లో, ధనియాలో వేసి చేసిన దాన్ని బీరు అని రాయడానికి లేదు. హప్పోషు అని రాయాలి, అంటే నురగ వచ్చే మద్యం అని. మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, తక్కువేసి చౌకగా చేసేవాటికి కూడా అదే పేరు. కాబట్టి ఎంతో శ్రద్ధగా మాల్ట్ అంతా వేసి, దాని మీద మంచి పండు వేసి చేసినా, పేరు మాత్రం చౌకసరుకు పేరే. 2018లో నిబంధన మార్చి, మాల్ట్ బరువులో 5 శాతం దాకా పండ్లు, దినుసులు వేసినా బీరు అనే రాసుకోవచ్చు అన్నారు. కాయ వేసినందుకు ఏళ్ల తరబడి బీరు అనే పేరు లేకుండా అమ్ముకోవాల్సి వచ్చిందంటే, ఆ వాసన మీద ఎంత నమ్మకం ఉండాలి.

ఇప్పుడు కాయ సంగతి. దైదై అంటే జపాన్‌లో ఒక రకం చేదు నారింజ. పండినా కోయకపోతే రాలకుండా ఏళ్ల తరబడి చెట్టునే ఉంటుందట, తాతల కాయ, మనవళ్ల కాయ ఒకే కొమ్మన కనపడుతుందని దాన్ని వంశం నిలవడానికి గుర్తుగా చూస్తారు, కొత్త సంవత్సరానికి బియ్యం ముద్దల మీద పెట్టి ఇంట్లో ఉంచుతారు. దైదై అనే మాటకు తరతరాలు అనే అర్థం కూడా ఉంది. కానీ పేరు చూసి పొరపడొద్దు, ఈ బీరులో వేసింది ఆ కాయ కాదు. ఫుకురె మికాన్ అని, త్సుకుబా కొండ చుట్టుపక్కల పండే నాటు కమలా. ఆ కొండ ఎత్తు 877 మీటర్లు. జపాన్‌లో కమలా పండించే ఉత్తరపు హద్దు దాదాపు అక్కడే. శీతాకాలం రాత్రుళ్లు చల్లగాలి బరువెక్కి కిందికి జారి మైదానంలో కూర్చుంటుంది, కొండ నడుముకు మాత్రం వెచ్చటి గాలి పట్టీలా చుట్టుకొని ఉంటుంది. కింద మంచు పట్టినా నడుము దగ్గర చెట్లు బతికిపోతాయి. ఆ నడుము మీదే ఈ కాయ.

కాయ చిన్నది, గింజలు ఎక్కువ, పులుపు. తినడానికి కొనే కాయ కాదు. మన మార్కెట్ యార్డుకు అలాంటిది తీసుకుపోతే కుప్ప పోయనిస్తారో లేదో కూడా అనుమానమే. దాని గొప్పంతా తొక్కలో ఉంది. తొక్క ఎండబెట్టి, మిరపకాయ, నువ్వులు లాంటివి కలిపి, మొత్తం ఏడు దినుసులతో షిచిమి అనే పొడి చేసుకుంటారు, నూడుల్స్ మీద చల్లుకోవడానికి. మన నువ్వుల పొడిలా అనుకోండి. బావమరిది ఆ పొడి కూడా చిన్న డబ్బాలో తెచ్చాడు. మా ఇంట్లో వేడన్నం, నెయ్యిలో వేసుకొని రెండు రోజుల్లో ఖాళీ చేశాం.

కనుమ రోజు సాయంత్రం తోటలో మోటరు కొట్టం ముందు మంచాలు వేసుకొని కూర్చున్నాం. నాన్న, బావమరిది, నేను. నాన్న తాగడు. స్టీలు గ్లాసులు వద్దని ఇంటి నుంచి పొడుగు గాజు గ్లాసులు పట్టుకొచ్చాను, రంగు చూడాలి కదా. దైదై మూత తీసి, గ్లాసు వంచి, నెమ్మదిగా పోశాను. రంగు బెల్లం పాకం ముదరక ముందు ఉండే రంగు, ఎర్రటి బంగారు, కొంచెం మసకగా. నురగ తెల్లగా కాకుండా మీగడ రంగులో రెండు వేళ్ల మందాన లేచి, చాలాసేపు నిలిచింది. సూర్యుడు వాలే వేళ ఆ గ్లాసును ఎత్తి చూస్తే లోపల దీపం పెట్టినట్టు ఉంది.

వాసన చూశాను. ఒక్క క్షణం నాకు మాట రాలేదు. చీనీకాయ తొక్కను గోరుతో గిల్లితే సన్నటి తుంపర చిమ్ముతుంది చూడండి, కంట్లో పడితే భగ్గుమంటుంది, దీపం దగ్గర చిమ్మితే చిటపటమంటూ మండుతుంది, చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి మీద అందరం ఆడిన ఆటే అది. అచ్చం ఆ తుంపర వాసన. దాని కింద కొంచెం పచ్చిగా, ఆకు నలిపినట్టు హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వాసన, ఇంకా కిందికి పోతే మొలకెత్తించిన రాగుల్ని వేయించేటప్పుడు వచ్చే కమ్మదనం. రసం వాసన కాదు, సిరప్ వాసన అసలే కాదు. తొక్క వాసన.

గ్లాసు నాన్నకిచ్చి, తాగొద్దులే వాసన చూడు అన్నాను. ఆయన కళ్లు మూసుకొని చూశాడు. "ఇది పండిన కాయ వాసన కాదప్పా, రంగు తిరగతా ఉన్న కాయ తొక్క" అన్నాడు. నలభై ఏళ్లుగా చెట్ల కింద తిరిగిన మనిషి. బావమరిది ఆశ్చర్యపోయాడు, నేను పడలేదు.

మొదటి గుక్క. నాలుక చివర ముందు మాల్ట్ తీపి తగులుతుంది, చాలా తక్కువసేపు. వెంటనే నాలుక పక్కల్లో కాయ పులుపు, అది కూడా నిమ్మకాయలా పళ్లు జివ్వుమనిపించేది కాదు, ముదిరిన కమలా తొనలో గింజ దగ్గర ఉండే పులుపు. ఆ తర్వాత చేదు వస్తుంది. ఐపీఏ, అంటే హాప్స్ దండిగా వేసి చేదుగా చేసే రకం, ఆ వరసలో చేసిన ఏల్ కాబట్టి చేదు గట్టిగానే ఉంది, మామూలు లాగర్ బీరు అలవాటున్నవాళ్లకు మొదటి రెండు గుక్కలు ఎక్కువే అనిపిస్తుంది. కాకరకాయ చేదులా గొంతుకు పట్టుకోదు. వేపపువ్వు చేదులా నోరంతా విరిచెయ్యదు. చీనీ తొక్క లోపలి తెల్లపొరను కొరికితే వచ్చే చేదు, అది మెల్లగా మొదలై మింగాక కూడా నాలుక వెనక కూర్చుంటుంది. మింగిన తర్వాత ముక్కులోంచి గాలి వదిలితే మళ్లీ ఆ తొక్క వాసన. అక్కడే నేను పడిపోయాను. హాప్స్ చేదు ఎక్కడ ఆగుతోందో, తొక్క చేదు ఎక్కడ మొదలవుతోందో విడదీయలేం, రెండూ కలిసిపోయాయి.

చేదు గురించి ఇంకో మాట. చీనీ రసం తీసిన వెంటనే తాగితే తీపి, గంట అట్లాగే పెడితే చేదెక్కుతుంది, ప్రతి జ్యూస్ బండి ఆయనకూ తెలిసిన సంగతి. కాయలో లిమోనిన్ అనే చేదు పదార్థం మొదట వేరే రూపంలో, రుచి లేకుండా ఉంటుంది, రసం పులుపులో కలిసి కాసేపుంటే చేదుగా మారుతుంది. మనం ఆ చేదు తగలకుండా ఉండాలని గబగబా తాగేస్తాం. బీరుకు మాత్రం చేదు కావాల్సిందే, అదే దాని బలం. అందుకే ఈ జాతి కాయలు బీరులో ఇంత బాగా ఒదుగుతాయని నాకనిపిస్తుంది. మనం కాయలో ఏది వద్దనుకుంటామో బీరులో దానికే చోటుంది.

చాలామంది పండు బీరు అనగానే తియ్యగా ఉంటుందని అనుకుంటారు. ఉండదు. రసం కలిపి పులియబెడితే అందులో చక్కెరను ఈస్ట్ తినేస్తుంది, ఆ చక్కెర ఆల్కహాలుగా, గ్యాసుగా మారిపోతుంది. మిగిలేది పులుపు, వాసన. ఆ వాసన కూడా తొక్కలోని నూనెదే, ఆ నూనె తొందరగా ఆవిరైపోయే సరుకు, అందుకని మామూలుగా తొక్కలను మాల్ట్ నీళ్లు మరగడం ముగిసే ముందో, పొయ్యి దించాకో వేస్తారు. ముందే వేసి గంటసేపు మరిగిస్తే బ్రూవరీ చుట్టుపక్కల ఊరంతా ఘుమఘుమలాడుతుంది గానీ బీరులో ఏమీ మిగలదు. మనం చారు దించాక కొత్తిమీర వేయమా, అదే లెక్క. తియ్యగా ఉండే పండు బీరు దొరికిందంటే పులిసిన తర్వాత తీపి కలిపారనో, పులియడం మధ్యలో ఆపారనో చాలాసార్లు అర్థం. ఆ మధ్య మన దగ్గరే నారింజ రుచి అని అచ్చేసిన ఒక బీరు తాగాను, పేరెందుకులే, గ్లాసు అడుగున దగ్గు మందు తాగినట్టు నాలుకకు జిగటగా పట్టుకుంది. దైదై తాగాక నోరు శుభ్రంగా ఉంటుంది, నీళ్లు తాగాలనిపించదు, ఇంకో గుక్క తాగాలనిపిస్తుంది. ఆల్కహాలు 6.2 శాతం అని మాత్రం మరిచిపోవద్దు, పులుపు వల్ల తేలిగ్గా దిగుతుంది, లేచి నిలబడినప్పుడు తెలుస్తుంది.

ఆరోజే వైట్ ఏల్ కూడా తెరిచాం. ఇది బెల్జియం పద్ధతిలో గోధుమ కలిపి చేసేది, 5.5 శాతం, ధనియాలు, జాజికాయ, నారింజ తొక్క, నారింజ రసం వేస్తారు. లేత పసుపు, మజ్జిగ తేటలా మసక. తాగడానికి సుఖం. ధనియాల వాసన విడిగా తెలియదు, కానీ మొత్తానికి ఒక పూల వాసన ఉంది, అది ధనియాల పనే. ధనియాల నూనెలో ఎక్కువగా ఉండేది లినలూల్ అనే పదార్థం, హాప్స్‌లోనూ, ఈ పుల్లటి కాయల తొక్కల్లోనూ అది ఎంతో కొంత ఉంటుంది, అందుకే మూడూ ఒకదాన్నొకటి తోసుకోకుండా కలిసిపోతాయి. ఇంట్లో రోజూ ధనియాలు వేయిస్తాం, తోటలో రోజూ చీనీ తొక్క వాసన పీలుస్తాం, ఈ రెంటికీ చుట్టరికం ఉందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ గ్లాసు సగం అయ్యాక నాన్న లేచి పోయి, పక్క చెట్టు నుంచి ఇంకా పూర్తిగా రంగు తిరగని ఒక కాయ కోసుకొచ్చాడు. కొడవలితో పైతొక్క మాత్రమే, తెల్లపొర రాకుండా, వేలెడంత చెక్కి, నా గ్లాసు మీద పెట్టి మెలిపెట్టాడు. తుంపర నురగ మీద పడింది, నురగ అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా విరిగింది, నూనెకు నురగ నిలవదు కదా. ఇప్పుడు తాగు అన్నాడు. అప్పటిదాకా సుఖంగా, మెత్తగా ఉన్న బీరు ఒక్కసారిగా మా తోట అయిపోయింది. నేను అతి చేసి చెప్పడం లేదు, మన చీనీ తొక్కకు ఆ శక్తి ఉంది. ఫుకురె మికాన్‌లో ఉండే పూలవాసన దీనికి తక్కువ, ఇది ఇంకా సూటిగా, ఘాటుగా ఉంటుంది. చీనీ తొక్క నూనెలో తొంభై శాతానికి పైగా ఒక్క లిమోనీన్ అనే వాసన పదార్థమే (ముందు చెప్పిన చేదు లిమోనిన్ వేరు), అందుకే ఆ సూటిదనం. గోధుమ బీరు ఎక్కడ దొరికినా, బెంగళూరులో తాగినా సరే, ఇలా పచ్చి చీనీ తొక్క మెలిపెట్టి చూడండి. మైనం పూసిన కాయ మాత్రం వద్దు.

మూడోది సైసన్ దు జపాన్. యుజు అనే కాయ, సాకేకి వాడే కోజి, అంటే బియ్యం మీద పెంచే ఒక బూజు, వేసి చేసింది, 5 శాతం. యుజు గురించి జపాన్ వాళ్లకు ఉన్న మోజు చెప్పనలవి కాదు, ఏడాదిలో అన్నిటికన్నా చిన్న పగలుండే రోజున, డిసెంబరులో, స్నానం తొట్టిలో ఆ కాయలు వేసుకొని స్నానం చేస్తారు. గింజ నాటితే యుజు కాపుకు రావడానికి పద్దెనిమిదేళ్లని వాళ్లకొక సామెత ఉంది, అందుకే ఇప్పుడు ముళ్ల నారింజ మొక్క మీద అంటు కట్టి పెంచుతారు. ఈ మాట చెప్తే నాన్న "మనం జంబేరి నిమ్మ మీద కట్టినట్టే, మనది ఐదేళ్లకే కాపు, నయమే" అన్నాడు. బీరు విషయానికొస్తే, ఇది నాకన్నా మా ఆవిడకు నచ్చింది. ఇంటికొచ్చాక రెండు గుక్కలు రుచి చూసి, మజ్జిగలో దబ్బాకు నలిపి వేసినట్టు ఉంది అనింది. ఆ మాట తర్వాత నాకు ఇంకే పోలికా తోచలేదు, అంత సరిగ్గా కుదిరింది. పలచగా, పొడిగా, పుల్లగా, చివర్లో కోజి వల్లనేమో గంజి వార్చిన అన్నం కమ్మదనం. నాకు చేదు కావాలి కాబట్టి నా ఓటు దైదైకే, ఎండాకాలం మధ్యాహ్నం అయితే మాత్రం దీన్నే తీస్తానేమో.

తిండి సంగతి. మోటరు కొట్టం దగ్గర ఉడకబెట్టిన శనక్కాయలు పెట్టుకున్నాం, ఉప్పు కాస్త ఎక్కువేసి. దైదైకి అది బాగా కుదిరింది, శనక్కాయ జిడ్డును బీరు చేదు, పులుపు కడిగేస్తాయి. రెండు వారాల తర్వాత రెండో దైదై సీసాను ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీతో తాగాను. కుదరలేదు. చేదు, కారం ఎదురెదురుగా నిలబడి కొట్టుకున్నాయి, నాలుక మండిపోయింది, కాయ వాసన ఎటు పోయిందో. బజ్జీ పక్కన పెట్టి ఉత్త ఉగ్గాని తిన్నాక మళ్లీ దారికొచ్చింది, అందులో పుట్నాల పొడి, నిమ్మరసం ఉంటాయి కదా. వైట్ ఏల్‌తో నాటుకోడి వేపుడు బాగుంటుంది, ధనియాల పొడి ఎక్కువున్న వేపుడు అయితే ఇంకా. రాగి సంగటి, పులుసు తినేటప్పుడు మాత్రం ఏ బీరూ వద్దు, ఆ రుచికి ఇంకొకటి అక్కర్లేదు.

చల్లదనం గురించి చెప్తానన్నాను. మనకు బీరంటే గడ్డకట్టేలా ఉండాలి, సీసా మీద మంచు కనపడాలి. దీనికి అది దండగ. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, వాసన కూడా పైకి లేవదు, ఒట్టి చేదు మిగులుతుంది. ఫ్రిజ్ కింది అరలోంచి తీసి పది నిమిషాలు బయట పెట్టి తాగితే సరిగ్గా ఉంటుంది. సంక్రాంతి చలిలో ఐదు నిమిషాలు తక్కువైనా పర్లేదు, మే నెలలో అయితే అసలు బయట పెట్టొద్దు, గ్లాసులో పోసేలోగానే వేడెక్కుతుంది. వైట్ ఏల్ అయితే చివర రెండు గుక్కలు సీసాలో ఉండగా మెల్లగా తిప్పి, అడుగున పేరుకున్న ఈస్ట్ కూడా పోసుకోండి. రుచి అక్కడే ఉంది.

ఒక సీసా మాత్రం పాడైంది, తప్పు నాది. రెండో వైట్ ఏల్‌ను స్నేహితుడికి ఇద్దామని కారులో పెట్టి మరిచిపోయాను. జనవరే అయినా మన అనంతపురం మధ్యాహ్నం ఎండ తెలిసిందే, అద్దాలు వేసిన కారులో రెండు పగళ్లు ఉండిపోయింది. తర్వాత చల్లబరిచి తెరిస్తే నారింజ తొక్క వాసన పూర్తిగా పోయింది, తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. గోధుమ రంగు సీసా కాబట్టి వెలుతురు నుంచి కాపాడుతుంది, వేడి నుంచి ఏ సీసా కాపాడదు. కాయ వాసన మీద నడిచే బీరుకు అన్నిటికన్నా ముందు పోయేది ఆ వాసనే. ఎవరైనా తెస్తే దాచిపెట్టుకోకండి, పండగనో, పుట్టినరోజనో చూడకండి, తొందరగా తాగేయండి. బెంగళూరులోనో ఇంకెక్కడో పెద్ద షాపులో కనపడితే కొనే ముందు సీసా మీద తేదీ చూడండి. షాపులో అరలో నిలబెట్టినదా, ఫ్రిజ్‌లో ఉంచినదా అని కూడా అడగండి.

ఇదంతా తాగిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మందు వల్ల కాదు. పోయినేడు మా కాయకు మంగు పట్టింది. నల్లి తొక్కను గీకడం వల్ల కాయ మీద ఇటుక రంగు మచ్చ వస్తుంది, లోపల రసానికి ఏమీ కాదు, తీపి తగ్గదు. అయినా తోటకొచ్చిన వ్యాపారి మంగు కాయ అని ధరలో కోత పెట్టాడు, ఆ పైన టన్నుకింత అని సూటు, అంటే తూకంలో తరుగు, తీశాడు. తొక్క బాగాలేదని తగ్గించిన ఆ కాయలు ఏ జ్యూస్ సెంటరుకో పోతాయి, అక్కడ మొదట తీసి పారేసేది ఆ తొక్కనే. రోడ్డు పక్కన జ్యూస్ బండ్ల దగ్గర బుట్టల నిండా చీనీ తొక్కలు, మేకలు కూడా పెద్దగా ముట్టవు. త్సుకుబా కొండ దగ్గర తినడానికి పనికిరాని గింజల కాయను తొక్క కోసం కొనేవాళ్లున్నారు, పొడి చేసేవాళ్లున్నారు, బీరు చేసేవాళ్లున్నారు, ఆ సీసా మా తోట దాకా వచ్చింది. మన దగ్గర కూడా ఎవరైనా బీరు చేసేవాళ్లు ఒక్క పంట చీనీ తొక్కతో చేసి చూడాలని నాకు గట్టిగా ఉంది. జనవరి, ఫిబ్రవరిలో తోటంతా పూతకొచ్చి రాత్రుళ్లు ఆ వాసనకు తల తిరుగుతుంది, ఆ పూతలో కొంత ఎటూ రాలిపోయేదే, దాన్ని కూడా వాడుకోవచ్చు.

కొనాలా అంటే, చేదు ఇష్టం ఉన్నవాళ్లు దైదై తీసుకోండి, బీరు చేదంటేనే పడనివాళ్లు వైట్ ఏల్‌తో మొదలుపెట్టండి, మజ్జిగలో దబ్బాకు వేసుకునే ఇళ్లవాళ్లు సైసన్. ఈసారి వచ్చేటప్పుడు ఆరూ దైదైలే తెమ్మని బావమరిదికి చెప్పాను. రెండో సైసన్ ఇంకా ఫ్రిజ్‌లో ఉంది, మా ఆవిడది. ఈ ఆదివారం తెరుస్తామంటోంది.

నాన్న మాత్రం బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా నా చేతిలోంచి తీసుకొని ఒకటే అడుగుతున్నాడు, ఆ పొట్టికాయను రైతు దగ్గర కిలో ఎంతకు కొంటారప్పా అని. కనుక్కుంటా మామా, ఈ వారంలో ఆ కొండ దగ్గరికి పోతున్నా అన్నాడు వాడు.